పికాలు ఉంటేనే కొండ వీజిల్

లద్దాఖ్ కొండల్లో రాళ్ల గుట్టల మధ్య నుంచి సన్నటి జంతువొకటి తల పైకెత్తి చూసి, చటుక్కున మాయమవుతుంది. తొలిసారి చూసినవారు ముంగిస అనుకుంటారు. కానీ ఇది కొండ వీజిల్. శాస్త్రీయ నామం ముస్టెలా ఆల్టైకా. ముంగిసలు పిల్లుల వైపు చుట్టాలైతే, వీజిల్‌ది నీటికుక్కల కుటుంబం. మన దేశంలో లద్దాఖ్‌తో పాటు హిమాచల్ ప్రదేశ్, సిక్కింలలోనూ ఉంది. నేపాల్, భూటాన్, టిబెట్ మీదుగా మంగోలియా, దక్షిణ సైబీరియా దాకా ఇది విస్తరించింది.

మగది తోక కాకుండా 22 నుంచి 29 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. బరువు 350 గ్రాములు దాటడం అరుదు. ఆడది ఇంకా చిన్నది. వేసవిలో బూడిద రంగులో ఉండే బొచ్చు చలికాలానికి పసుపు కలిసిన గోధుమ రంగుకు మారుతుంది.

ఈ సన్నటి ఒళ్లే దాని బలం. ఎలుకలు, పికాలు తలదాచుకునే కలుగుల్లోకి నేరుగా దూరిపోగలదు. పికా అంటే తోక కనిపించని, కుందేలుకు చుట్టమైన చిన్న జంతువు. చలికాలంలోనూ నిద్రాణ స్థితిలోకి వెళ్లదు కాబట్టి వీజిల్‌కు ఏడాది పొడవునా ఆహారం దొరుకుతుంది.

అయితే ఆ ఒంటికి ఖర్చూ ఎక్కువే. పొడవుగా, సన్నగా ఉన్న శరీరం నుంచి వేడి త్వరగా బయటికి పోతుంది. ఒంట్లో దాచుకునే కొవ్వూ తక్కువే. అందుకే వీజిల్ కూడా చలికాలమంతా నిద్రపోకుండా వేటాడుతూనే ఉండాలి. కొద్ది రోజులు వేట దొరక్కపోతే బతకడమే కష్టం.

అసలు ముప్పు ఇక్కడే ఉంది. పశువుల మేత తినేస్తున్నాయని, నేలను గుల్ల చేస్తున్నాయని టిబెట్ పీఠభూమిలో గత శతాబ్దం మధ్యకాలం నుంచి పికాలకు పెద్ద ఎత్తున విషం పెట్టారు. నిజానికి పికాలు ఎక్కువగా కనిపించేది పశువులు అతిగా మేసి గడ్డి పొట్టిగా మారిన చోటే. మేత తరగడానికి అవి కారణమనడం కన్నా, తరిగిందనడానికి గుర్తు అనడం సబబు. వాటి కలుగుల వల్ల వాన నీరు నేలలోకి ఇంకుతుంది. వదిలేసిన కలుగుల్లో పక్షులు గూడు పెడతాయి.

విషం పెట్టిన చోట పికాలు మళ్లీ వేగంగా పెరగగలవు. వాటిని తినే జంతువులు అంత త్వరగా కోలుకోలేవు. కొండ వీజిల్ ఏడాదికి ఒకే ఈత ఈనుతుంది. అంటే పికాలను ఉచితంగా అదుపు చేసే వేటగాడే ముందు తగ్గిపోతుంది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కొండ వీజిల్‌ను ‘ముప్పు అంచున ఉన్న’ జాతిగా గుర్తించింది. వన్యప్రాణుల వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మూడో అనుబంధంలో భారత్ దీన్ని చేర్పించింది. కానీ బొచ్చు వ్యాపారాన్ని అడ్డుకున్నంత మాత్రాన సరిపోదు. పికాలను పురుగుల్లా చూసినంత కాలం, వాటితో పాటే వీజిల్ కూడా పోతుంది.