తిరుమల నడకకు మూట కట్టే ముందు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)

చలికాలం వచ్చిందంటే మన నెల్లూరు వైపు రోడ్ల మీద పసుపు బట్టలు కట్టుకుని, గోవింద నామం చెప్పుకుంటూ దక్షిణంగా సాగిపోయే గుంపులు కనిపిస్తాయి. చూస్తే మనకూ ముచ్చటేస్తుంది. ‘ఒక్కసారి మనమూ నడిచి వెళ్దామండీ’ అని పక్కింటావిడతో అంటాం. అన్న మర్నాడు ఆడవాళ్ళం చేసే మొదటి పని అటక మీది సంచీ దింపి దుమ్ము దులపడం. ఇవాళ నేను ఆ సంచీ గురించే నాలుగు మాటలు చెబుతాను. భక్తిని గురించి చెప్పడానికి పెద్దలున్నారు. సంచీని గురించి ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే మొదటిసారి నాయుడుపేటలో రైలెక్కి ఇంటిదారి పట్టాను.

మా అత్తగారి ఊరు మైపాడు దగ్గర, సముద్రం ఒడ్డున. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా పసుపు గుడ్డలో చిల్లర వేసి ముడుపు కడుతూ వచ్చారు. నడిచి వెళ్ళి స్వామికి సమర్పించుకోవాలని మొక్కు. తీరా మొక్కు తీర్చుకునే వేళకి ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. ‘నా బదులు నువ్వు వెళ్ళి రామ్మా’ అన్నారు. సరేనన్నాను. ఆ ఊరినుంచి నెల్లూరు, మనుబోలు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట మీదుగా తిరుపతికి సుమారు 160 కిలోమీటర్లు. రోజుకి పాతిక నడిస్తే వారం. ఆపైన కొండ.

ఇక నా ప్రయాణ సన్నాహం వినండి. మూడు గిన్నెల స్టీలు క్యారియరు నిండా చక్కిలాలూ, సున్నుండలూ. నాలుగు చీరలు, వాటికి తగ్గ లంగాలు, జాకెట్లు. కప్పుకోవడానికి దుప్పటి, తుడుచుకోవడానికి టర్కీ తువ్వాలు, గొడుగు, పెద్ద బ్యాటరీ లైటు, గాజు సీసాలో కొబ్బరి నూనె, స్టీలు చెంబు, స్తోత్రాల పుస్తకాలు, ఇవి కాక ముడుపు. ప్రతి వస్తువునీ సంచీలో పెట్టేటప్పుడు నేను అన్న మాట ఒక్కటే: ‘ఉంటే మంచిది కదా!’ ఇల్లు నడిపేవాళ్ళకి ఆ మాట అలవాటు. ఇంట్లో అది మంచి గుణమే. రోడ్డు మీద మాత్రం ప్రతి ‘ఉంటే మంచిది’నీ మోయాల్సింది మన మోకాళ్ళే.

నెల్లూరు దాకా బాగానే వచ్చాను. వెంకటాచలం దగ్గర మడమ చురుక్కుమంది. వారం ముందు కొన్న కొత్త బూట్లు. ‘ఇవి వేసుకుంటే కాశీదాకా నడవొచ్చమ్మా’ అని అమ్మినతను నమ్మబలికాడు. గూడూరు చేరేసరికి రెండు మడమలూ బొబ్బలు. బొబ్బ నొప్పికి కాలు వంకరగా వేస్తే మోకాలు పట్టింది, మోకాలికి ఒరిగితే నడుము పట్టింది. నాయుడుపేటలో కూలబడ్డాను. విప్పని ముడుపు తెచ్చి అత్తగారి చేతిలో పెడితే ఆవిడ ఒక్కమాటా అనలేదు. దేవుడి గదిలో పెట్టి వచ్చారు. అనుంటే నాకు తేలిగ్గా ఉండేది.

మర్నాడు పాత పేపర్లు కొనే అబ్బాయి వస్తే, అతని కొక్కెం త్రాసుకి నా సంచీని అలాగే తగిలించి తూయించాను. తొమ్మిది కిలోల ఎనిమిది వందలు! నీళ్ళ సీసాతో కలిపితే దగ్గర దగ్గర పదకొండు. అప్పుడు నా బరువు 58 కిలోలు. ‘ఇంత బరువు మోసుకుని యాడికి పొయ్యారమ్మా?’ అని ఆ అబ్బాయే నోరెళ్ళబెట్టాడు.

నడిచేటప్పుడు మన మోకాలి మీద ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల ఒత్తిడి పడుతుంది. అంటే భుజాన ఒక కిలో ఎక్కువైతే మోకాలికి అది రెండు మూడు కిలోలు. పాతిక కిలోమీటర్లంటే మన ఆడవాళ్ళ అడుగుల్లో సుమారు నలభై వేలు. ఆ లెక్క చూసుకున్నాక సున్నుండల మీద నాకు మోజు తగ్గిపోయింది.

ఆ రోజుల్లోనే ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికా ఆవిడ కథ చదివాను. ఒహాయోలో పొలం పనులు చేసుకుంటూ పదకొండుమంది బిడ్డల్ని పెంచిన ఇల్లాలు. అక్కడ జార్జియా నుంచి మెయిన్ దాకా పద్నాలుగు రాష్ట్రాల మీదుగా, కొండలూ అడవులూ దాటుకుంటూ పోయే అపలేచియన్ బాట ఒకటుంది. అప్పట్లో అది సుమారు 3,300 కిలోమీటర్లు. అలాంటి బాటను ఈ కొసనుంచి ఆ కొసకి ఒకే యాత్రగా నడవడాన్ని వాళ్ళు త్రూ హైక్ అంటారు. 1954లో ఈవిడ బయలుదేరి, దారి తప్పి, కళ్ళద్దాలు పగలగొట్టుకుని, అటవీ సిబ్బంది ఇంటికి పొమ్మంటే వెనుదిరిగింది. 1955లో మళ్ళీ బయలుదేరింది. అప్పటికి ఆవిడ వయసు 67. మామూలు గుడ్డబూట్లు వేసుకుని, జీన్సు గుడ్డతో తనే కుట్టుకున్న సంచీ ఒక భుజాన వేసుకుంది. గుడారం లేదు. వాన వస్తే కప్పుకోవడానికి స్నానాల గది ప్లాస్టిక్ తెర, పడుకోవడానికి ఒక కంబళి. ఆ సామానుతోనే సెప్టెంబరుకి చివరిదాకా నడిచింది. ఆ బాటంతా ఒంటరిగా, ఒకే యాత్రలో నడిచిన మొదటి స్త్రీ ఆవిడే. వెనక్కి వచ్చింది నేనొక్కదాన్నే కాదన్నమాట!

ఆ తర్వాత రే జార్డిన్ అనే ఆయన 1992లో పసిఫిక్ బాట నడిచేవారి కోసం పుస్తకం రాసి, సామాను తగ్గించే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఆయనా, ఆయన భార్యా తమ సంచులు తామే కుట్టుకునేవారు. ఈ తేలిక నడకవాళ్ళకి ఒక లెక్కుంది. తిండీ నీళ్ళూ రోజూ మారతాయి కనుక వాటిని పక్కన పెట్టి, మిగిలిన సామాను నాలుగున్నర కిలోలు దాటకుండా చూసుకుంటారు. కొందరైతే పళ్ళ బ్రష్షు కాడ కూడా కోసేస్తారట. నవ్వకండి. కానీ వాళ్ళు చెప్పే అసలు సంగతి బ్రష్షు కాదు. ముందు పెద్ద వస్తువుల్ని పట్టుకోండి అంటారు. వాళ్ళకి పెద్దవి సంచీ, గుడారం, పక్క. మన దారిలో సత్రాలూ, గుళ్ళూ, హోటళ్ళూ ఉన్నాయి కాబట్టి గుడారంతోనూ, పొయ్యితోనూ పని లేదు. మనకి పెద్దవి సంచీ, పక్క, బట్టలు, టిఫిను క్యారియరు. ఈ నాలుగూ లొంగితే మిగతావి వాటంతటవే లొంగుతాయి.

సంచీని అందరికన్నా ముందు కొంటాం. అక్కడే తప్పు. సామాను తూచుకుని, అది ఎంత చోటు పడుతుందో చూసుకుని, సంచీ చివర్న ఎంచుకోవాలి. పెద్ద సంచీ ఉంటే ఖాళీని చూస్తూ ఊరుకోలేం, ఏదో ఒకటి కూరుతాం. నేను రెండోసారి మా చిన్నవాడి పాత బడిసంచీ తీసుకున్నాను. ఖాళీగా మూడు వందల యాభై గ్రాములు. చేతిసంచీ, ఒంటి భుజం సంచీ వద్దు. రెండు భుజాలకీ పట్టీలుండాలి. ఈ విషయంలో మా అత్తగారి ఊళ్ళో చేపల గంప మోసే ఒక అవ్వ నాకు గురువు. నా సంచీ ఎత్తి చూసి, ‘బరువు కాదు కోడలమ్మా, ఊగే బరువే ఉసురు తీసుద్ది. గంప తల మీద చుట్టకుదురులో కదలకుండా కూచుంటది, అందుకే ఇంతకాలం మోశా’ అంది. ఆ మాట విన్నాక సంచీ పట్టీలు బిగించి వీపుకి అంటుకునేట్టు చేశాను. బరువైన ముడుపు వెన్నుపూసకి దగ్గరగా, తేలికవి బయటివైపుకి సర్దాను. నడుము దగ్గర ఒక గుడ్డపట్టీ కుట్టి ముడివేసుకుంటే ఊగడం పూర్తిగా పోయింది.

బట్టల దగ్గర మన తీరానికి ఒక చిక్కుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మధ్య నడుస్తుంటే చెమట ఆరదు, రాత్రి ఉతికి ఆరేసిన మందపాటి బట్ట తెల్లారినా తడిగానే ఉంటుంది. తడిసిన నూలు బట్ట రెట్టింపు బరువు, పైగా తొడలు ఒరుసుకుపోతాయి. అందుకని బట్టను చేత్తో పట్టి కాదు, ఆరేసి ఎంచుకోండి. సాయంత్రం ఇంట్లో తడిపి నీడలో వేసి, పొద్దుటికి ఆరిందో లేదో చూడండి. ఆరనిది మానెయ్యండి. నేను నడకకి పల్చని పంజాబీ డ్రెస్సు, ఓణీ వేసుకున్నాను. సంచీలో ఒకే ఒక్క చీర, జరీ తక్కువున్న వెంకటగిరి నూలు చీర పెట్టుకున్నాను. మన వెంకటగిరి నేతగాళ్ళు సన్ననూలుతో నేసిన చీర మడిస్తే గుప్పెడంతే ఉంటుంది. పగలు అది మార్పు బట్ట, రాత్రి కప్పుకునే దుప్పటి, సత్రంలో అడ్డుతెర. దర్శనానికి కట్టుకున్నదీ అదే. టర్కీ తువ్వాలు మానేసి పల్చని తుండుగుడ్డ తీసుకున్నాను. ఒంటిమీదొకటి, సంచీలో ఒకటి, అంతకు మించి మూడో జత వద్దే వద్దు. తొడలు ఒరుసుకునే చోట బయలుదేరేముందే వాజ్‌లైన్ రాసుకోండి, మంట పుట్టాక రాస్తే లాభం లేదు.

నెలను సరిగా ఎన్నుకుంటే కూడా సామాను తగ్గుతుంది. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. 2021 నవంబరు వరదలు ఎవరం మర్చిపోయాం? ఆ నెలల్లో వెళితే రెయిన్‌కోటు, పొడిబట్టలు మోయాలి. ఎండాకాలం వెళితే అదనంగా నీళ్ళు మోయాలి. సంక్రాంతి తర్వాత వెళితే ఒక శాలువా, ఒక పల్చటి ప్లాస్టిక్ పట్టా చాలు. పట్టా కింద పరుచుకోవడానికీ, అకాల వానకి కప్పుకోవడానికీ పనికొస్తుంది. శాలువా మాత్రం మానకండి, కొండ మీద రాత్రి చలి మన నెల్లూరు చలి కాదు.

చెప్పుల సంగతి. నడకవాళ్ళలో పాత నానుడి ఒకటుంది, కాలికి కట్టిన కిలో భుజాన అయిదు కిలోలతో సమానమని. కనుక బరువైన బూట్లు వద్దు. మధ్యాహ్నానికి పాదాలు పొంగుతాయి కాబట్టి సాయంకాలం వెళ్ళి, ఒక సైజు పెద్దది కొనండి. కొన్నాక కనీసం నెలరోజులు అవే వేసుకుని తిరగండి. నేను సంచీ కూడా తగిలించుకుని రోజూ పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడిదాకా వెళ్ళొచ్చేదాన్ని. ‘ఏ ఊరెళుతున్నారు?’ అని వీధిలో అడగనివాళ్ళు లేరు. గంటకోసారి కూచుని, చెప్పులు విప్పి, కాళ్ళకి గాలి తగలనివ్వాలి. ఎక్కడైనా వెచ్చగా చురుక్కుమంటే ఆ క్షణమే ప్లాస్టరు అంటించాలి. ‘వచ్చే ఊరు రానీ’ అనుకుంటే బొబ్బే. లేచిన బొబ్బ చర్మం పీకకండి.

తిండి మోయక్కర్లేదు. పది, పదిహేను కిలోమీటర్లకి ఎక్కడో ఒకచోట ఇడ్లీ దొరుకుతుంది. బొరుగులు, వేయించిన వేరుశనక్కాయలు, బెల్లం కలిపి మూడు వందల గ్రాములు ఉంటే ఆకలి వేళకి ఆదుకుంటాయి. నీళ్ళకి స్టీలు సీసాకన్నా తేలికపాటి లీటరు ప్లాస్టిక్ సీసా మేలు. ఖాళీది ముప్ఫై గ్రాములుంటుందేమో, మధ్యలో నింపుకుంటూ పోవాలి. తిరుమల మీదికి మాత్రం అలాంటి సీసాలు తీసుకుపోకూడదు, కిందే వదిలెయ్యాలి.

తేలిక, తేలిక అంటున్నానని అన్నీ తీసెయ్యకండి. తెల్లవారుజామున మూడింటికి హైవే మీద నడుస్తాం. చిన్న టార్చి, వీపున మెరిసే పట్టీ తప్పనిసరి. ఎదురొచ్చే లారీలు కనబడేట్టు కుడిపక్కన నడవాలి. ఉప్పు-చక్కెర పొట్లాం ఉండాలి. లీటరు నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. ఇక మాత్రలు. రెండోసారి నాతో వచ్చిన మా తోడికోడలు బరువు తగ్గించాలన్న ఉత్సాహంలో బీపీ మాత్రల అట్టని కత్తిరించి ఏడు మాత్రలే తెచ్చింది. దారిలో రెండు పారేసుకుంది. శ్రీకాళహస్తిలో మందుల షాపతను అట్ట చూపించమంటే, పేరున్న ముక్క ఇంట్లో ఉండిపోయింది! నెల్లూరుకి ఫోన్ చేసి, ఆ ముక్క ఫొటో తీయించి తెప్పించేదాకా నాకు ఊపిరాడలేదు. రోజూ వేసుకునే మాత్రలు నాలుగు రోజులకి ఎక్కువే ఉండాలి, మందు పేరుతో సహా. అట్ట బరువు ఎంతని!

ఇంతకీ నా రెండో సంచీ ఎంత తూగిందంటారా? ముడుపుతో కలిపి మూడు కిలోల ఆరు వందల యాభై. అందులో ముడుపే తొమ్మిది వందలు. చిల్లర ఇచ్చి నోట్లు పెట్టుకుందామా అని అత్తగారిని అడిగాను. ‘కట్టిన ముడుపు విప్పకూడదమ్మా’ అన్నారు. అది తగ్గదు కాబట్టే మిగతావాటి మీద కత్తి గట్టిగా పెట్టాను. నా లెక్క ప్రకారం, అలవాటు లేనివాళ్ళు నీళ్ళతో కలిపి ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. ఒంట్లో మోకాళ్ళ నొప్పులుంటే ఇంకా తక్కువే.

అలిపిరిలో నడకదారి వాళ్ళ సామాను దేవస్థానం వారు ఉచితంగా పైకి చేరవేస్తారు. చెప్పులతో సహా సంచీ అక్కడ అప్పగించి, సీసా కింద వదిలి, ఫోనూ ముడుపూ మాత్రం పట్టుకుని 3,550 మెట్లూ ఎక్కాం. వారం రోజులు మోసిన వీపు ఒక్కసారి ఖాళీ అయ్యేసరికి గాలికి ఎగిరిపోతానేమో అనిపించింది. హుండీలో ముడుపు వేసినప్పుడు అది కింద పడ్డ చప్పుడు నాకు బాగా గుర్తు. ఇంటికి ఫోన్ చేసి ఆ మాటే చెబితే అత్తగారు మళ్ళీ చెప్పమన్నారు.

సంచీలో ముడుపు ఉన్న చోట లడ్డూలు కూచున్నాయి. తిరుగు ప్రయాణం బస్సులోనేలెండి, అందుకని ఈసారి తూచలేదు.