సీలు కంటికి శుక్లము

వరంగల్లు ప్రాంతపు పాలకుర్తికి సముద్రము దూరము. గజేంద్ర మోక్షము మాత్రము దగ్గర. పోతన స్వగ్రామమని ప్రసిద్ధిగన్న బమ్మెర ఆ ప్రక్కనే కలదు. నేలమీది ఏనుగు బలము మడుగులో మొసలి ముందు సడలుటను అచటి బాలురు చిన్ననాటనే విందురు. దీనికి విపర్యయమైన దృశ్యము దూరదేశపు కడలి తీరములందు కానవచ్చును. నీట నేర్పరియైన సీలు జబ్బుచేసియో గాయపడియో ఒడ్డున పడియుండును. అట్టివానిలో చూపు చెడినవియు ఉండును.

సీలు చేప కాదు. తెడ్లవంటి అవయవములతో ఈదుచు, పిల్లలకు పాలిచ్చు జంతువు. ఇట్టివానిని చేరదీయుటకు కాలిఫోర్నియాలోని సాసలిటోలో 1975లో ఒక కేంద్రము వెలసినది. పూర్వమది క్షిపణుల స్థావరమట! స్థలములకును మంచి రోజులు వచ్చుచుండును.

వండిన చేప కంటిలో తెల్లని గట్టి గోళీ యొకటి కనబడును. అదియే కటకము. మనుష్యుని కంటిలో కాంతిని వంచు పని అధికభాగము ముందున్న కార్నియాది. నీటికిని కార్నియాకును వక్రీభవన గుణము ఇంచుమించు సమానమగుటచే, మునిగినపుడు ఆ పని సాగదు. చెరువులో కన్ను తెరచిన వానికి అన్నియు మసకగా తోచుట ఇందువలననే. సీలుకు నీటిలో భారమంతయు గుండ్రని కటకముదే. దానికే శుక్లము కమ్మినచో వైద్యులు కటకమును తీసివేయుదురు. కృత్రిమ కటకము నమర్చుట సాధారణముగా జరుగదు. వెలుగును ఆకారములును తిరిగి తెలియును గాని, నీటిలోని పూర్వపు నిశితదృష్టి రాదు.

కత్తికంటె మత్తు అపాయకరము. మునుగునపుడు ఊపిరి బిగబట్టి గుండె వేగము తగ్గించుకొను సహజగుణము మత్తులోను తలయెత్తవచ్చును. అందుచే యంత్రముతో శ్వాస నందింపవలసి వచ్చును. పిదప చుక్కల మందు వేయుట మరియొక యుద్ధము.

అసలు పరీక్ష అటుపైన. చేతితో చేపను పెట్టినంతకాలము అది అతిథి మాత్రమే. సజీవమైన చేపను తానై పట్టినపుడే కడలికి పోదగును. ఇచట మీసములు తోడ్పడును. కన్నులు మూసిన సీళ్లు, చిన్న జలాంతర్గామి బొమ్మ నీటిలో విడిచిన అలజడి జాడను మీసములతోనే వెంబడించినవని జర్మను శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిరి. మన గంగా డాల్ఫిను కంటిలో కటకమే లేదు. అది ధ్వనితో వేటాడును.

వేటాడలేనివి కొలనులలో మిగిలిపోవును. విచిత్రమేమన, కొలనులే శుక్లమునకు తావిచ్చుట కలదు. పెంపకములోని సీళ్లను, సముద్ర సింహములను పరిశీలించి 2010లో వెలువరించిన వ్యాసము వార్ధక్యము, పోట్లాటలు, పూర్వపు నేత్రరోగములతోపాటు నీడలేమిని గూడ కారణములలో చేర్చినది. ఎండకెదురుగా తలయెత్తి చేపకై చూచు ప్రాణికి ముందుగా కావలసినది శస్త్రచికిత్స కాదు, కొలనుపై ఒక పందిరి.