యుద్ధకాలపు ఛాయాచిత్రములందు నౌకావిమానములను గుర్తించుట

1942 వ సంవత్సరము ఏప్రిల్ 6 వ తేదీన జపానువారి విమానములు కాకినాడ మీదను, విశాఖపట్టణము మీదను బాంబులు వైచినవి. కాకినాడ మన ఆత్రేయపురమునకు తూర్పుగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ విమానములు బంగాళాఖాతమున సంచరించుచుండిన ర్యూజో అను విమానవాహక నౌకనుండి వచ్చినవి. ఆనాటి వృత్తాంతమునకు ప్రక్కన ఏదో యొక జపాను విమానపు పటమును చేర్చినచో చరిత్రకు అపచారము కలుగును. కావున అట్టి పటములను పరీక్షించు విధమును మేమిందు వివరింతుము.

జపానువారు తమ రాజశకమందలి కడపటి అంకెలను బట్టి విమానముల నమూనాలకు పేళ్లు పెట్టిరి. మన 1937 వారికి 2597. కావున ఆ యేటిది 97 వ నమూనా. 1940 వారికి 2600. అందుచేతనే ఆ యేటి యుద్ధవిమానము "జీరో" యని ప్రసిద్ధి కెక్కినది.

మొదట చక్రములను చూడవలయును. 99 వ నమూనా బాంబరునకును, 96 వ నమూనా యుద్ధవిమానమునకును చక్రములు లోనికి ముడుచుకొనవు. వానిపై తొడుగు లుండును. ఈ రెంటిలో గాజుకప్పు క్రింద ఇద్దరు కూర్చుండునది 99. పైకప్పు లేక ఒక్కడే కూర్చుండునది 96. తొడుగులు లేనిచో గాజుకప్పును పరికింపవలయును. ముగ్గురు కూర్చుండు పొడవైన కప్పు గలది 97. ఒక్కనికే చాలు పొట్టి కప్పు గలది జీరో.

పిదప ఓడను చూడవలయును. ర్యూజో పైతట్టు మీద మేడవంటి కట్టడమే లేదు. అకాగి, హిర్యూ నౌకలకు ఆ కట్టడము ఎడమ ప్రక్కను, తక్కిన పెద్దనౌకలలో పెక్కింటికి కుడి ప్రక్కను ఉండెను. కాబట్టి ఎడమ ప్రక్క కట్టడము కనబడినంత మాత్రమున పటము తిరుగబడి అచ్చైనదని తలపరాదు. తోకమీది అక్షరములు సరిగా చదువబడుచున్నవో లేదో చూచిన ఆ సందేహము తీరును.

1941 డిసెంబరున విమానపు ఒడలిమీద అకాగికి ఒక ఎఱ్ఱపట్టెయు, సోర్యూకు ఒక నీలిపట్టెయు, హిర్యూకు రెండు నీలిపట్టెలును ఉండెను. నలుపు తెలుపుల పటమున ఎఱుపును నీలమును వేఱు చేయుట కష్టము. పట్టెల సంఖ్య మాత్రము నమ్మదగినది.

ఇపుడు మన తీరపు సంగతి విచారింతము. 1942 ఏప్రిలున ర్యూజోపై నుండినవి 97 వ నమూనా దాడివిమానములును, 96 వ నమూనా యుద్ధవిమానములును. అకాగి మొదలగు అయిదు పెద్దనౌకలు ఆ దినములలో సింహళమువైపున నుండి, 5 వ తేదీన కొలంబోను, 9 వ తేదీన ట్రింకోమలీని కొట్టినవి. కావున జీరో పటమును గాని, 99 వ నమూనా పటమును గాని చూపి "ఇది కాకినాడకు వచ్చిన విమానము" అనుట పొసగదు. ర్యూజో 1942 ఆగష్టు 24 వ తేదీన సోలమను దీవుల చెంత మునిగిపోయినది.

ఆ దాడిని కన్నులార చూచినవారు నేడు మిక్కిలి అరుదు. ఇకమీద పటములే సాక్షులు. విద్యార్థులారా! మీ యిండ్లలోని పాతపటముల వెనుక పెద్దలనడిగి పేరును, ఊరును, సంవత్సరమును నేడే వ్రాసి యుంచుడు.