భూగర్భంలో ఒక ఇంజనీరు

యుద్ధవీరుడనగానే ఖడ్గమో తుపాకియో ధరించిన మూర్తి మన కన్నుల యెదుట నిలుస్తుంది. పారను, పలుగును నమ్ముకొని పోరాడిన వీరులు కూడ చరిత్రలో ఉన్నారు. అట్టివారిలో ఒకరైన ఆలివర్ వుడ్‌వర్డ్‌ను మన విద్యార్థులకు పరిచయం చేయదలచితిమి.

వుడ్‌వర్డ్ 1885లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో జన్మించాడు. వృత్తిచేత గనుల ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సొరంగ దళంలో అధికారిగా చేరాడు. 1916లో ఉత్తర ఫ్రాన్సులో, శత్రువులు మాటుగా వాడుకొనుచున్న ఒక శిథిలగృహాన్ని పేల్చివేసి ‘మిలిటరీ క్రాస్’ పతకం పొందాడు.

అదే సంవత్సరం నవంబరులో ఆ దళం బెల్జియంలోని ఈప్ర నగర సమీపాన ఉన్న ‘హిల్ 60’కి చేరింది. రైలుమార్గం కొరకు త్రవ్విన మట్టి పోయగా ఏర్పడిన దిబ్బ అది. అయినను ఆ సమతల ప్రదేశంలో దిబ్బ ఎవరిదైతే చూపు వారిదే. కెనడా దళం అప్పటికే దాని క్రింద 53,500 పౌన్లు, ప్రక్క దిబ్బ క్రింద 70,000 పౌన్లు ప్రేలుడు పదార్థం నింపి ఉంచింది. దానిని ఏడు నెలలు కాపాడుట ఆస్ట్రేలియన్ల వంతు. ఊరే నీటిని తోడవలెను. తీగలను పదే పదే పరీక్షింపవలెను. ఎదురుగా సొరంగం త్రవ్వుచున్న జర్మనుల అలికిడిని గోడకు చెవియొగ్గి వినవలెను. అచట దగ్గుట సైతం ప్రమాదమే.

1917 జూన్ 7న తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు వుడ్‌వర్డ్ మీట నొక్కాడు. మెసీన్ గుట్టల పొడవునా 19 మందుపాతరలు వెంటవెంటనే ప్రేలినవి. వేలాది జర్మన్ సైనికులు హతులైనారు. వారిని కన్న తల్లులను తలచుకొనక ఈ విజయాన్ని కొనియాడుటకు మాకు మనసొప్పదు.

1918 సెప్టెంబరులో గుండ్ల వర్షం నడుమ బాట బాగుచేసినందుకు, నవంబరు 4న సాంబ్ర్–వాజ్ కాలువపై టాంకులు దాటుటకు వంతెన నిర్మించినందుకు అతనికి అదే పతకం మరి రెండు పర్యాయాలు లభించింది. మూడు గౌరవాలలో కూల్చినందుకు ఒకటి, నిలిపినందుకు రెండు! యుద్ధానంతరం తన గనుల వృత్తికే మరలి, 1966లో మరణించాడు.

విద్యార్థులారా! కూల్చిన చేతికీ కట్టిన చేతికీ తెలిసిన విద్య ఒక్కటే. మీరు నేర్చే విద్య ఏ పనికి వినియోగపడవలెనో ముందుగా మీరే యోచింపుడు.