చవక రైఫిల్‌ను నమ్మవచ్చా?

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే సోమవారం చాలా బడులకు సెలవు. కారణం పండగ కాదు, జింకల వేట. రైఫిల్‌తో జింకలను వేటాడే కాలం దశాబ్దాల పాటు ఆ రోజే మొదలయ్యేది. 2019లో దాన్ని శనివారానికి జరిపారు. సెలవు మాత్రం చాలాచోట్ల సోమవారమే ఉండిపోయింది. ఒకసారి ఇచ్చిన సెలవును వెనక్కి తీసుకోవడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

ఆ రోజులు దగ్గరపడేకొద్దీ తుపాకుల దుకాణాల్లో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. 400 నుంచి 600 డాలర్లకు దొరికే రైఫిల్‌ను నమ్మి అడవికి వెళ్లవచ్చా, లేక 2,000 డాలర్లు పెట్టాలా? మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ సందేహానికి తావు లేకుండా చేసింది. అమెరికాలో స్థిరపడి, లైసెన్సు తీసుకుని వేటకు వెళ్లదలచిన తెలుగువారికి మాత్రం ఇది ఆలోచించవలసిన విషయమే.

‘నమ్మకం’ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గాని, అందులో మూడు ప్రశ్నలున్నాయి. చేతిలో ప్రమాదం లేకుండా పేలుతుందా? మీట (ట్రిగ్గర్) నొక్కిన ప్రతిసారీ పేలుతుందా? నిన్న సరిచేసిన గురి ఇవాళ కూడా అలాగే ఉంటుందా? ఈ మూడింటికీ జవాబులు వేరు. వాటిని కలిపేసి వాదించుకోవడం వల్లనే ఈ చర్చ ఏటా కొత్తగా మొదలవుతోంది.

మొదటి ప్రశ్న ప్రాణాలకు సంబంధించింది. వేటలో బాగా వాడుకలో ఉన్న .308 విన్‌చెస్టర్ తూటా పేలినప్పుడు గొట్టంలో పుట్టే పీడనానికి గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మన కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. ఈ పరిమితులను 1926లో ఏర్పడిన సామీ అనే తయారీదారుల సంఘం నిర్ణయిస్తుంది. చవక రైఫిల్‌కు వేరే పరిమితి ఏమీ లేదు. అదే తూటా, అదే పీడనం. ఉక్కులో కక్కుర్తిపడితే కోర్టులో అంతకు ఎన్నో రెట్లు కట్టవలసి వస్తుందని అక్కడి కంపెనీలన్నిటికీ తెలుసు. ఆ దేశంలో ఉక్కు కంటే లాయరు ఖరీదు.

మరి ధర తగ్గింది ఎక్కడ? చాలావరకు చేతిపనిలో. తూటా వెనుక ఉండి గొట్టాన్ని మూసే కడ్డీని బోల్ట్ అంటారు. ఆ బోల్ట్ ముఖానికీ, తూటా ముందుకు కదలకుండా ఆగే చోటుకూ మధ్య ఉండే దూరం హెడ్‌స్పేస్. అది కొద్దిగా ఎక్కువైనా, తక్కువైనా చిక్కే. పాత పద్ధతిలో అనుభవమున్న పనివాడు ఒక్కో గొట్టాన్ని చెక్కి, బిగించి, కొలిచి, మళ్లీ చెక్కేవాడు. 1958లో నికొలస్ బ్రూయర్ రూపొందించిన సావేజ్ 110 రైఫిల్‌లో ఈ శ్రమ తప్పింది. గొట్టంలో కచ్చితమైన కొలతగల ఉక్కు దిమ్మ పెట్టి, బోల్ట్ మూసి, గొట్టాన్ని ఆ దిమ్మకు తగిలేదాకా మరతిప్పి, పెద్ద నట్టుతో బిగించేస్తే సరి. చూడటానికి నీళ్ల పైపుకు వేసే నట్టులా ఉందని కొందరు ముఖం చిట్లించారు. కొలత మాత్రం కచ్చితంగా వచ్చింది.

గొట్టం తయారీ కూడా ఇదే దారి పట్టింది. రూగర్ అమెరికన్ వంటి చవక రైఫిళ్లలో గొట్టాన్ని కోల్డ్ హ్యామర్ ఫోర్జింగ్ పద్ధతిలో చేస్తారు. రంధ్రం వేసిన ఉక్కు కడ్డీలోకి, గుండును తిప్పే గాళ్ల అచ్చును దూర్చి, కడ్డీని కాల్చకుండానే యంత్రం నలువైపుల నుంచీ సుత్తులతో మోదుతుంది. లోపలి గాళ్లు అచ్చు పోసినట్టు పడతాయి. యంత్రం ఖరీదు చాలా ఎక్కువ, ఒక్కో గొట్టానికి పట్టే సమయం చాలా తక్కువ.

అలా చేసిన గొట్టం గురి సంగతేమిటి? గురిని మినిట్ ఆఫ్ యాంగిల్‌లో కొలుస్తారు. అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. వంద గజాల దూరంలో అది అంగుళానికి కాస్త ఎక్కువ. చవక రైఫిల్ ఒకటిన్నర మినిట్లకే పరిమితమైందనుకుందాం. రెండు వందల గజాల దగ్గర దాని గుళ్లన్నీ సుమారు మూడంగుళాల వలయంలో పడతాయి. జింక గుండె, ఊపిరితిత్తుల చోటు దాదాపు ఎనిమిది అంగుళాలు. కాబట్టి తేడా వస్తే, నిలబడి, ఆయాసపడుతూ కాల్చే మనిషి దగ్గర వస్తుంది. అతన్ని మార్చే పరికరం ఏ దుకాణంలోనూ దొరకదు.

చవకదనం నిజంగా బయటపడేది రెండో ప్రశ్న దగ్గర, అంటే ప్రతిసారీ పేలుతుందా అన్నచోట. తూటాలు పట్టి ఉంచే మ్యాగజైన్, దాని కొక్కెం ప్లాస్టిక్‌వి అయితే చలికి, దెబ్బకు విరగవచ్చు. పొదల్లో తగిలి ఊడిపోనూవచ్చు. అయితే గడ్డకట్టే చలిలో మీట నొక్కితే టిక్కుమని ఊరుకునే రైఫిల్‌లో దోషం తరచూ నూనెది. బోల్ట్ లోపల పట్టించిన చిక్కటి నూనె గడ్డకట్టి, తూటాను పేల్చే సూది దెబ్బ మెత్తబడుతుంది. తుపాకీ మీద ప్రేమ ఎక్కువైన యజమానికి ఈ కష్టం ముందుగా వస్తుంది.

గురి నిలకడ గురించిన మూడో ప్రశ్నలో అనుమానించవలసింది స్టాక్‌ను, అంటే గొట్టాన్ని మోస్తూ భుజానికి ఆనే భాగాన్ని. పలచని ప్లాస్టిక్ స్టాక్ ముందుభాగం ఒత్తిడికి వంగి గొట్టానికి తగిలితే గుండు పడేచోటు మారిపోతుంది. పరీక్ష సులువు. డాలరు నోటును గొట్టం కిందుగా దూర్చి, స్టాక్‌ను చేత్తో గట్టిగా నొక్కిపట్టి, నోటును లాగి చూడాలి. అడ్డులేకుండా జరిగితే మంచిదే, ఇరుక్కుంటే స్టాక్ మార్చుకోవాలి. తర్వాత గురి చూసే దుర్భిణిని బిగించిన మరలు చూడాలి. ‘రైఫిల్ పాడైంది’ అన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు అర నిమిషం స్క్రూడ్రైవరు. రైఫిల్‌తో పాటు కలిపి అమ్మే చవక దుర్భిణిని మాత్రం అంత తేలిగ్గా నమ్మకూడదు.

ధర పెంచితే ఈ బాధలన్నీ తప్పుతాయా? 1962 నుంచి అమెరికాలో గౌరవంగా చెలామణీ అయిన రెమింగ్టన్ 700 చవక వర్గానికి చెందింది కాదు. అయినా అందులోని ఒక రకం ట్రిగ్గర్లు నొక్కకుండానే పేలే ప్రమాదముందని కంపెనీయే 2014లో వాటిని వెనక్కి పిలిచింది. కారణం, జోడించేటప్పుడు అతికే మందు ఎక్కువ కావడం.

కాబట్టి జవాబు ఇది. ప్రసిద్ధ కంపెనీ చేసిన చవక రైఫిల్ జింకల వేటకు చాలు. మిగతా ధరలో పెద్ద భాగం వాల్‌నట్ చెక్కకు, నునుపైన బోల్ట్‌కు, పక్కవాడికి చూపించుకునే తృప్తికి. అవేవీ తక్కువ సుఖాలు కావు, కాని నమ్మకం వేరు. అది కావాలంటే మిగిలిన డబ్బులో కొంత మంచి దుర్భిణికి, కొంత తూటాలకు పెట్టి, అడవిలో మోయబోయే మ్యాగజైన్‌తోనే, వేసుకోబోయే చలికోటుతోనే ముందుగా సాధన చేయాలి. ఈ సలహా చాలామందికి నచ్చదు; కొనడం ఒక సాయంత్రం పని, సాధన ఒక కాలమంతా.