తక్కెడకు అందని బిడ్డ

ఇంటికి చుట్టములు వచ్చిరి. పదేండ్ల పిల్లవాడు వారి ముఖము చూడడు, నమస్కారము పెట్టడు. కాని రైళ్ళ ప్రసక్తి రాగానే, ఏ బండి ఏ స్టేషనులో ఎన్ని నిమిషములు ఆగునో గుక్క తిప్పుకొనక చెప్పును. తల్లి విసిగి "నా బుర్ర తినకురా" అన్నచో, "నేను తినలేదమ్మా" అని కంట తడి పెట్టును. పొగరని మేనమామ, పెంపకపు లోపమని మేనత్త తీర్పు చెప్పి వెళ్ళుదురు. ఆ రాత్రి తల్లికి నిద్ర రాదు.

ఇట్టి బాలురు నలుగురిని గూర్చి 1944లో వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పెర్గర్ ఒక వ్యాసము ప్రకటించెను. 1981లో లండనులో లోర్నా వింగ్ అను వైద్యురాలు ఈ స్థితికి ఆయన పేరు పెట్టెను. ఆమెయు ఆటిజము గల బిడ్డకు తల్లి. 2013లో అమెరికా మనోవైద్యులు ఆ పేరు తొలగించి, దానిని ఆటిజములోనే చేర్చిరి.

పేరు పోయినను పాఠము మిగిలినది. ఈ బాలురలో విశేష ప్రతిభ కలదనియు, వారు సంఘమునకు ఉపయోగపడుదురనియు ఆస్పెర్గర్ వాదించెను. విన్నవారికి సంతోషమే. కాని నాజీల యేలుబడిలో, 1941లో, మెదడు దెబ్బతిన్న మూడేండ్లు నిండని ఒక బాలికను ఆం ష్పీగెల్‌గ్రుండ్ అను చోటికి పంపినవాడును ఆయనయే. చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో పత్రములతో ఈ సంగతి వెల్లడించెను. ఆ బాలిక తిరిగి రాలేదు. 1940 మొదలు 1945 వరకు అచ్చట 789 మంది పిల్లలు మరణించిరి. ఉపయోగమను తక్కెడలో తూచినచో ఒక బిడ్డ తూగును. మరియొక బిడ్డ తేలిపోవును.

కావున, మనవాడు గొప్ప గణితజ్ఞుడు కాగలడను ఆశతో వానిని ప్రేమింపవలదు. మిక్సీ రొద, కొత్త చొక్కా గరుకు వానికి నిజముగనే బాధ. రేపటి ప్రయాణము నేడే చెప్పవలెను. నానుడులు మాని సూటిగా మాటాడవలెను. కన్నులలోనికి చూడుమని నిర్బంధింపరాదు. ఇతరుల మనసు వానికి తెలియదందుము. వాని మనసు మనకు తెలిసినదా? ఈ అపార్థము ఇరువైపులదియు అని 2012లో డామియన్ మిల్టన్ వ్రాసెను. ఆయనయు ఆటిజము గలవాడే.

మరల చుట్టములు వచ్చిననాడు తల్లి తల వంచుకొన బనిలేదు. "వాడు మాటాడిన వినండి, మాటాడనిచో ఊరకుండండి, వాడు మావాడు" అనిన చాలును.