విక్కాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ

విక్కాజీ మెహర్జీ, పెస్తన్‌జీ మెహర్జీ సికింద్రాబాదులో పార్శీ సమాజానికి పునాది వేసిన వర్తక సోదరులు. వీరి స్వస్థలం నేటి మహారాష్ట్రలోని తారాపూర్. నగరంలోని మొదటి పార్శీ అగ్ని దేవాలయాన్ని 1847లో నిర్మించినది వీరే.

నేపథ్యం

1798 నాటి ఒప్పందం ప్రకారం హైదరాబాదు సమీపంలో బ్రిటిషు సైన్యం విడిది చేసినది. ఆ దండు చుట్టూ పెరిగిన ఊరికి 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చినది. సైన్యానికి కావలసిన సరుకులు, డబ్బు సమకూర్చేందుకు పలు ప్రాంతాల నుండి వర్తకులు ఇక్కడికి వచ్చారు. వారిలో పార్శీలు ఒకరు.

వ్యాపారం

1825-26లో ఈ సోదరుల సంస్థ బేరారు పత్తిని 500 పెరికె ఎద్దుల మీద బొంబాయికి పంపినది. బేరారు నుండి బొంబాయికి జరిగిన పత్తి ఎగుమతులలో ఇదే మొదటిదిగా చెబుతారు. 1824లో విలియం పామర్ సంస్థ దివాలా తీసిన తరువాత నిజాము ప్రభుత్వానికి కొత్త షావుకార్లు అవసరమయ్యారు. పేష్కారు చందూలాల్ కాలంలో వీరు ప్రభుత్వానికి పెద్ద మొత్తాలు అప్పుగా ఇచ్చారు. ఔరంగాబాదు టంకశాలలో వీరి నిర్వహణలో ముద్రించిన రూపాయలకు పెస్తన్‌షాహీ అని పేరు.

పతనం

అప్పులకు హామీగా ప్రభుత్వం కొన్ని తాలూకాల శిస్తు వసూలును వీరికి అప్పగించినది. అయితే ఆ హామీని ఇచ్చినదీ, రద్దు చేయగలిగినదీ ప్రభుత్వమే. చందూలాల్ 1843లో పదవి వీడిన తరువాత వసూలు హక్కు చేజారినది, బాకీ తీరలేదు. బ్రిటిషు అధికారులకు చేసుకున్న విజ్ఞప్తులు ఫలించలేదు. 1840వ దశకం చివరినాటికి సంస్థ కూలిపోయినది. చివరకు కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో బేరారును ఈస్టిండియా కంపెనీయే తన అధీనంలోకి తీసుకున్నది.

అగ్ని దేవాలయం

జొరాస్ట్రియన్ సంప్రదాయంలో పవిత్రాగ్నిని ప్రతిష్ఠించిన తరువాత దానిని పూజారులు నిత్యం కాపాడవలసి ఉంటుంది. కనుక దేవాలయ నిర్మాణం అంటే ఆ ఊరిలో స్థిరపడుటకు నిర్ణయించుకొనుటయే. వ్యాపారం చితికిపోతున్న రోజులలోనే ఈ సోదరులు ఆ పని పూర్తి చేశారు. మహాత్మా గాంధీ రోడ్డు మీద ఉన్న ఈ ఆలయంలోనికి పార్శీలకు మాత్రమే ప్రవేశం కలదు. తరువాతి కాలంలో చినాయ్ వంటి కుటుంబాలు జంటనగరాలలో మరికొన్ని అగ్ని దేవాలయాలు కట్టించాయి. పార్శీగుట్ట అనే పేరు కూడా ఈ సమాజం ఉనికిని గుర్తు చేస్తుంది. సోదరుల సంస్థ మిగలలేదు. వారు నెలకొల్పిన దేవాలయం నిలిచినది.